మంచి మందు రాయండి మేడమ్

(మే నెలాఖరున చెన్నైలో తెలుగువాళ్ల సభలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు మీద ఒక న్యూరాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. రోగులను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చే చెప్పారు.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? ముందు వరసలో ఫ్యాన్ కింద మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కర్ర పట్టుకుని వచ్చినవాళ్లు, మెట్లెక్కి అలిసిపోయినవాళ్లు మొహమాటపడకుండా ఇక్కడికి వచ్చెయ్యండి. ఈ జబ్బులో ఫ్యాన్ కింద కుర్చీ కూడా వైద్యంలో భాగమే. ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ జబ్బు పేరే ఒక చిక్కు. ఈ ఊళ్లో ఎం.ఎస్. అంటే సుబ్బులక్ష్మి గారు. మన తెలుగిళ్లలో ఎం.ఎస్. అంటే అమెరికా చదువు. నా దగ్గరికి వచ్చే ఒకాయన వాళ్ల బావగారికి ఫోన్ చేసి "అమ్మాయికి ఎం.ఎస్. వచ్చింది బావా" అన్నాడట. అవతల నుంచి "కంగ్రాట్స్, ఏ యూనివర్సిటీ?" (నవ్వులు.) ఈయనకి ఏం చెప్పాలో తెలీక ఫోన్ పెట్టేశాడు. ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. మన రోగనిరోధక శక్తే మన మెదడు మీదా, కంటి నరం మీదా, వెన్నుపాము మీదా తిరగబడి, అక్కడి నరాల మీది తొడుగుని పాడుచేస్తుంది. కరెంటు తీగ, దాని మీద తొడుగు అనే పోలిక మీరు వందసార్లు వినుంటారు, దాన్ని వదిలేస్తున్నాను. నన్ను మాట్లాడమన్నది ఎవరికి ఏ మందు అనే సంగతి. ఓపీలో రోజూ వినే మాట ఒకటుంది. "ఖర్చు సంగతి మేం చూసుకుంటాం, మంచి మందు రాయండి మేడమ్." నేనేదో తప్పించుకుంటున్నానని అనుకోకండి, ఆ మాటకి జవాబు నా ఒక్కదాని దగ్గర లేదు. సగం మీ ఎమ్మారై సీడీలో ఉంది. మిగతా సగం మీ ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో ఉన్న సగం మీరు నోరు విప్పితే తప్ప నాకు తెలీదు.

నేను చదువుకునే రోజుల్లో ఈ బాధే లేదు, ఎంచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి! పారిస్‌లో షార్కో అనే డాక్టరు ఈ జబ్బుకి ఒక రూపం ఇచ్చింది 1868లో. దీన్ని అదుపు చేసే మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా, అమెరికాలో అనుమతి పొందింది 1993లో. మధ్యలో 125 ఏళ్లు. మేం కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు, డబ్బున్నవాళ్లకి ఇంటర్‌ఫెరాన్ సూది. లేనివాళ్లకి ఎటాక్ వచ్చినప్పుడల్లా, అంటే జబ్బు ఒక్కసారిగా విజృంభించినప్పుడల్లా, స్టెరాయిడ్, ఆ తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర. అంతే. ఇప్పుడు పేర్లన్నీ లెక్కేస్తే 20 దాటాయి. సూదులు, మాత్రలు, ఆరు నెలలకోసారి ఎక్కించే సెలైన్లు. కష్టం అక్కడే మొదలైంది.

కానీ మందు ఎంచే ముందు ఇంకో పని ఉంది. అసలు ఇది ఎం.ఎస్. అవునా కాదా? మన దగ్గర ఈ ప్రశ్న మరీ ముఖ్యం. మంగళూరులో లెక్క తీస్తే లక్ష మందిలో 8 మందికి పైగా తేలారు. ఉత్తర యూరప్‌లో లక్షకి వంద దాటిన దేశాలున్నాయి. అంటే, అరుదైన జబ్బు. దీని వేషం వేసుకుని వచ్చే జబ్బులు మాత్రం మన దగ్గర తక్కువేం కాదు. అందులో పెద్దది కంటి నరాన్నీ, వెన్నుపామునీ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా, ఎన్.ఎం.ఓ. అంటాం.

నా తప్పు ఒకటి చెప్తాను. 2003లో ఒకావిడ, ముప్పై దాటిన టీచరు, చూపు పోయి వచ్చింది. స్టెరాయిడ్ పడ్డాక కొంత తిరిగొచ్చింది. ఆరు నెలలకి కాళ్లు పడిపోయాయి. నేను ఎం.ఎస్. అన్నాను, ఇంటర్‌ఫెరాన్ మొదలుపెట్టాను. వాళ్లాయన స్థలం అమ్మి కొన్నాడు ఆ సూదులు. సూదులు వేస్తున్న కొద్దీ ఎటాక్‌లు పెరిగాయి. "డోసు సరిపోవట్లేదేమో" అనుకున్నాం మేం! 2004లో ఎన్.ఎం.ఓ.ని పట్టించే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ సంగతి బయటపడింది. ఆ రక్తపరీక్ష మన దాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. చేయిస్తే పాజిటివ్. ఆవిడది ఎన్.ఎం.ఓ. దాని మీద ఇంటర్‌ఫెరాన్ వేస్తే మంట మీద కిరసనాయిలు పోసినట్టే. ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ అనే ఎం.ఎస్. మందులు కూడా దాన్ని పెంచుతాయని తర్వాత తెలిసింది. ఆవిడకి ఒక కన్ను దక్కలేదు. ఆవిడ ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. అదెలా సాధ్యమో నాకు అర్థం కాదు.

అందుకే ఆ రక్తపరీక్షలకి, అనుమానం ఉంటే వెన్నులోంచి నీరు తీయడానికి నేను మొండిగా పట్టుబడతాను. "వెన్నులో నీరు తీస్తే నడుము పడిపోతుందట కదా" అంటారు. పడిపోదు. ఒకట్రెండు రోజులు తలనొప్పి రావచ్చు. తప్పు జబ్బుకి ఏళ్ల తరబడి మందు వాడటం కంటే ఆ తలనొప్పి నయం.

సరే, ఎం.ఎస్. అని తేలింది. ఇప్పుడు ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి చెప్తాను.

మొదటి మనిషి 26 ఏళ్ల అమ్మాయి. సొంతూరు గుంటూరు వైపు, ఈ ఊళ్లో ఓఎంఆర్ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది. కుడికన్ను మసకేసింది, కన్ను తిప్పితే నొప్పి. కదిపి అడిగితే, ఏడాది కిందట పది రోజులు కాళ్లు తిమ్మిరెక్కాయట. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల అనుకుని యోగా మ్యాట్ కొనుక్కుంది. ఎమ్మారై చూస్తే మెదడులో చాలా మచ్చలు, వెన్నుపాములో రెండు. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే ఒక మచ్చ వెలుగుతోంది, అంటే అక్కడ ఆ క్షణాన మంట జరుగుతోందన్నమాట. ఈ జబ్బు కోపంగా ఉంది. తక్కువ కాలంలో రెండు ఎటాక్‌లు, వెన్నుపాములో మచ్చలు, ఇవి ముందుముందు నడకని దెబ్బతీసే గుర్తులు.

పాత పద్ధతి ఏమిటంటే మెల్లగా మొదలుపెట్టు, పనిచేయకపోతే బలమైన మందుకి వెళ్లు. చిన్న మెట్టు, ఆ పైన పెద్ద మెట్టు. ఇప్పుడు చాలామందిమి అలా అనుకోవడం లేదు. తొలి రోజుల్లోనే బలమైన మందు పడ్డవాళ్లకి ఏళ్లు గడిచాక వైకల్యం తక్కువగా ఉందని విదేశాల్లో వేలమంది రోగుల రిజిస్ట్రీలు చూపించాయి. మెదడు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ పోతుంది కాబట్టి పైకి ఏమీ కనపడదు. సర్దుకునే శక్తి అయిపోయాక బయటపడుతుంది. అప్పటికి పోయింది పోయినట్టే. కాబట్టి ఈ అమ్మాయికి బలమైన మందే అని నిర్ణయించుకున్నాను.

ఏ బలమైన మందు? నేను అడగాల్సింది అడిగాను. "పెళ్లి, పిల్లలు ఆలోచన ఏమైనా ఉందామ్మా?" జవాబు అమ్మాయి చెప్పలేదు, పక్కన కూర్చున్న వాళ్లమ్మ చెప్పింది. "ఇప్పట్లో ఏం లేదు మేడమ్." సరే అని ఫింగోలిమాడ్ రాశాను. రోజూ ఒక మాత్ర, తేలిక. తొలి డోసు రోజు ఆరు గంటలు ఆస్పత్రిలో ఉంచి గుండె వేగం చూడాలి, కంటి డాక్టరుకి చూపించాలి. అవన్నీ తేదీలు వేసి ఇచ్చాను. నాలుగు రోజులకి ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. ఆఫీసు ఐడీ కార్డు మెళ్లోనే ఉంది. "మేడమ్, శ్రావణంలో నా పెళ్లి. అమ్మ చెప్పనివ్వలేదు. ఆ మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టకూడదని లోపల కాగితం మీద ఉంది."

చూడండి, నేను ఎంత పెద్ద పొరపాటు చేయబోయానో. ఫింగోలిమాడ్ వాడేవాళ్లు గర్భానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. ఆపితే కొందరికి జబ్బు రెట్టింపు ఉధృతంగా తిరగబడుతుంది. పెళ్లయిన ఏడాదికే ఆ పిల్లని ఆ గండంలోకి నెట్టేదాన్ని. టెరిఫ్లునమైడ్ ఇంకా మొండిది. ఆపినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది, దాన్ని బయటికి పంపడానికి కొలెస్టైరమిన్ అనే ఇంకో మందు 11 రోజులు వాడాలి. అదే గ్లాటిరామర్ సూది అయితే గర్భంతో ఉన్నవాళ్లకీ ఇస్తున్నాం, కానీ ఈ అమ్మాయి జబ్బుకి ఆ బలం చాలదు. చివరికి రిటుక్సిమాబ్ ఎంచుకున్నాం. ఆరు నెలలకోసారి సెలైన్. మందు ఒంట్లోంచి పోయాక కూడా దాని పని నెలల పాటు సాగుతుంది. ఆ నెలల్లో గర్భానికి ప్రయత్నించేలా తేదీలు కలుపుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు, అందులోనూ చివరి మూడు నెలల్లో, ఈ జబ్బు తనంతట తానే నెమ్మదిస్తుంది. కాన్పయ్యాక మొదటి మూడు నెలలు మాత్రం జాగ్రత్త. ఫ్రాన్స్ వాళ్ల నాయకత్వంలో యూరప్‌లో చేసిన అధ్యయనం 1998లోనే ఇది చెప్పింది.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి పేషెంటుతో అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడతాను. తల్లులూ, అత్తలూ, భర్తలూ బయట కూర్చోవాలి. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. ఆ అయిదు నిమిషాల్లో నేను విన్నవి ఏ స్కానింగులోనూ కనపడవు. సూది వేసుకోవడం నెలరోజులుగా మానేశానని చెప్పినవాళ్లున్నారు. అత్తగారింట్లో తెలీకూడదని సూదుల్ని కూరగాయల డబ్బా అడుగున, కరివేపాకు కవర్‌లో చుట్టి పెట్టిన కోడలు ఉంది. ఆ సూదులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎవరో ఫ్రీజర్‌లో సర్దేశారు, అన్నీ వృథా. ఆవిడకి ఏ మందు మంచిది? ఫ్రిజ్ అక్కర్లేనిది. ఇది పాఠ్యపుస్తకంలో ఉండదు.

ఇక రెండో మనిషి. ఈ ఊళ్లోనే ప్యారీస్ కార్నర్ దగ్గర హోల్‌సేల్ వ్యాపారం, వయసు 52. మొదటి ఎటాక్ ముప్పైల్లో, రెండోది పదకొండేళ్ల కిందట. ఎడమ చెయ్యి కొంచెం మొద్దుబారుతుంది, అంతే. వెన్నుపాము శుభ్రంగా ఉంది. షుగర్ ఉంది. డాలస్‌లో ఉన్న కూతురు నాకు మెయిల్ పెట్టింది. "నాన్నకి ఓక్రెలిజుమాబ్ ఎందుకు ఇవ్వట్లేదు? ఇక్కడందరికీ అదే ఇస్తున్నారు." మర్యాదగానే రాసింది గానీ, "మీకు తెలీదా" అన్నది వరసల మధ్య ఉంది. (నవ్వులు.)

ఎందుకు ఇవ్వలేదంటే, ఆయన రక్తంలో హెపటైటిస్ బి బయటపడింది. ఓక్రెలిజుమాబ్, రిటుక్సిమాబ్ రెండూ రోగనిరోధక శక్తిలో భాగమైన బి కణాల్ని తుడిచేస్తాయి. అప్పుడు నిద్రపోతున్న ఆ వైరస్ లేచి లివర్‌ని తినేస్తుంది. కావాలంటే వైరస్ మందు కలిపి ఇవ్వొచ్చు, కానీ పదకొండేళ్లుగా నిద్రపోతున్న జబ్బు కోసం ఆ సాహసం దేనికి? ఆయనకి డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు ఇచ్చాను. వారం తిరక్కుండా ఫోన్. "అమ్మా, మొహం మీద కారం చల్లినట్టు మండుతోంది." ఎలా వేసుకుంటున్నారంటే, తెల్లారి ఫిల్టర్ కాఫీతో, ఖాళీ కడుపున! కాఫీ కాదు సార్, ఇడ్లీ తిన్నాక వేసుకోండి అన్నాను. మంట తగ్గింది. మూణ్ణెల్లకోసారి రక్తంలో లింఫోసైట్లు అనే తెల్ల కణాలు చూస్తున్నాం, పడిపోతే ఆపేస్తాం.

స్వీడన్‌లో ఓక్రెలిజుమాబ్ లాంటిదే అయిన రిటుక్సిమాబ్‌నీ, ఈ డైమిథైల్ ఫ్యూమరేట్‌నీ పోటీ పెట్టి చూశారు, 2022లో ఫలితం వచ్చింది. రెండేళ్లలో రిటుక్సిమాబ్ వాడినవాళ్లలో నూటికి 3 మందికి ఎటాక్ వచ్చింది, డైమిథైల్ ఫ్యూమరేట్ వాడినవాళ్లలో 16 మందికి. ఆ కాగితం ఒక్కటే చూస్తే ఆ కూతురు అన్నదే రైటు. కానీ ఆ కాగితంలో వాళ్ల నాన్న లేడు.

మందు మొదలుపెట్టే ముందు మేం చేయించే పరీక్షల చిట్టా చూసి జనం కంగారుపడతారు. జబ్బు మెదడులో ఉంటే ఛాతీ ఎక్స్‌రే ఎందుకు? టీబీ కోసం. మన దేశంలో ఎంతమందికి ఒంట్లో టీబీ నిద్రపోతూ ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకోటి, "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని అడుగుతాను. పక్కనున్న అమ్మమ్మలకి ఒక్కసారిగా ఉత్సాహం వస్తుంది, ఏ ఏడు పోసింది, వేపాకు ఎలా పరిచారు, అన్నీ చెప్తారు. నాకు కావాల్సింది అదే. ఆ వైరస్‌కి రక్షణ లేనివాళ్లకి ఫింగోలిమాడ్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. చల్లటి దేశాల్లో చిన్నప్పుడే అందరికీ వచ్చిపోతుంది గానీ మన వేడి ప్రాంతాల్లో పెద్దయ్యే దాకా రానివాళ్లు ఎక్కువ. రానివాళ్లకి ముందు టీకా, తర్వాత మందు. బి కణాలు పోయాక టీకా వేసినా ఒళ్లు సరిగ్గా స్పందించదు, అందుకే ఆ వరస మార్చకూడదు.

నటాలిజుమాబ్ కథ కూడా ఒక ముక్కలో చెప్పేస్తాను. 2004 చివర్లో వచ్చింది, మూణ్ణెల్లకే 2005లో వెనక్కి తీసుకున్నారు, పి.ఎం.ఎల్. అనే మెదడు ఇన్ఫెక్షన్ వల్ల. 2006లో మళ్లీ వచ్చింది. ఆ ఇన్ఫెక్షన్‌కి కారణమయ్యే జె.సి. వైరస్ పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఒంట్లో ఉంటుంది, మామూలుగా ఏమీ చేయదు. రక్తపరీక్షలో ఆ వైరస్ లేదని తేలితే ప్రమాదం చాలా తక్కువ, పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ. ఉంటే, రెండేళ్లు దాటాక పెరుగుతూ పోతుంది. మందు ఒక్కటే, ఒకళ్లకి అమృతం, ఇంకొకళ్లకి పాము.

జీన్ పరీక్ష చేస్తే మందు తేలిపోతుందా అని కుర్రాళ్లు అడుగుతారు. ఒక్క సిపోనిమాడ్ విషయంలో నిజంగానే అలా ఉంది. సి.వై.పి.2సి9 అనే జీన్ చూసి, మందుని ఒళ్లు ఎంత వేగంగా అరిగిస్తుందో తెలుసుకుని, కొందరికి సగం డోసు ఇస్తాం, కొందరికి అసలు ఇవ్వం. మిగతా వాటిలో అంత తెలివి మాకింకా రాలేదు. ఎవరైనా ఖరీదైన జీన్ ప్యాకేజీ అమ్మబోతే ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టుకోండి.

డబ్బు మాటకొస్తాను, ఇక్కడ మొహమాటం పనికిరాదు. నెల్లూరు వైపు నుంచి ఒకావిడ వస్తుంది, భర్తకి రొయ్యల గుంటలు. ఒక పంట వస్తే లక్షలు, వైరస్ తగిలితే అప్పులు. నెలనెలా మాత్రలకి డబ్బు ఎప్పుడుంటుందో వాళ్లకే తెలీదు. "మధ్యలో రెండు నెలలు కొనలేదు మేడమ్" అని రెండేళ్ల తర్వాత చెప్పింది. ఆవిడకి ఇప్పుడు రిటుక్సిమాబ్. పంట వచ్చినప్పుడు డబ్బు పక్కన పెట్టుకుంటారు, ఏడాదికి రెండుసార్లు పొద్దున్నే పినాకిని రైలెక్కి సెంట్రల్‌లో దిగుతారు, మర్నాడు సెలైన్ ఎక్కించుకుని వెళ్లిపోతారు.

ఈ మందు గురించి తెలుగువాళ్లకి ఒక మాట చెప్పాలి. అసలు ఇది కేన్సర్ మందు. దీనికి బయోసిమిలర్‌ని, అంటే దాదాపు అదే మందుని ఇంకో కంపెనీ తయారుచేసిన రూపాన్ని, 2007లోనే తెచ్చింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లు. అందువల్లే మన దగ్గర దీని ఖర్చు కొత్త బయోలాజికల్ మందుల ఖర్చులో చిన్న వంతు. ఎం.ఎస్.కి దీన్ని వాడటానికి లైసెన్సు లేదు, డాక్టరు తన బాధ్యత మీద రాస్తాడు. దాంతో కొందరికి ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెడతారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఎం.ఎస్.కి మొదటిసారి మూడు మందులు చేర్చింది, గ్లాటిరామర్, క్లాడ్రిబిన్, ఇదీ. పేచీ వస్తే ఆ కాగితం ప్రింటు తీసి చూపించండి. "మనకి చవక మందు ఇచ్చారు" అని చిన్నబుచ్చుకునేవాళ్లకి నేను చెప్పేది, స్వీడన్‌లో కూడా ఎక్కువమంది వాడుతున్నది ఇదే. అలాగని దీనికి కష్టాలు లేవని కాదు. ఏళ్లు గడిచే కొద్దీ ఇన్ఫెక్షన్లతో పోరాడే ఇమ్యునోగ్లోబులిన్లు రక్తంలో తగ్గుతాయి, ఛాతీ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. అయిదారేళ్లు వాడినవాళ్లకి డోసుల మధ్య దూరం పెంచడం గురించి మేం ఇప్పుడు ఆలోచిస్తున్నాం.

ఇక ఫ్యాన్ సంగతి. ఈ ఊళ్లో కత్తిరి ఎండలు ఇప్పుడే ముగిశాయంటారు, నాకైతే నమ్మకం లేదు. (నవ్వులు.) ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, తొడుగు పోయిన నరం మొరాయిస్తుంది. పాత మచ్చ ఎక్కడుందో ఆ పాత లక్షణమే మళ్లీ పైకొస్తుంది. 1890లో ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, వ్యాయామం చేస్తే చూపు మసకేస్తోందని గమనించాడు, దానికి ఆయన పేరే ఉంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు, జబ్బు తేల్చడానికి రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారు! మనకి తొట్టి అక్కర్లేదు, మే నెలలో మధ్యాహ్నం బస్సెక్కితే చాలు.

దీనికీ మందు ఎంపికకీ ఏం సంబంధం అంటారా? ఏటా మే, జూన్‌లలో నాకు ఫోన్లు వస్తాయి. "కాళ్లు బరువెక్కాయి, మందు పనిచేయట్లేదు, మార్చెయ్యండి." కొందరు వేరే చోట చూపించుకుని, స్టెరాయిడ్ ఎక్కించుకుని, మందు మార్పించుకుని మరీ వస్తారు. అది ఎటాక్ కాదు, వేడి. నీడకి వెళ్లి, తడిగుడ్డ మెడ మీద వేసుకుని గంట కూర్చుంటే తగ్గిపోయేది ఎటాక్ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, జ్వరం ఉన్నా ఇదే వేషం. ఎటాక్ అంటే జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా 24 గంటలు దాటి నిలిచే కొత్త లక్షణం. ఒక మంచి మందుని ఎండ మీద కోపంతో వదులుకున్నవాళ్లని నేను చూశాను. ఉన్న మందులు ఇరవై అని చెప్పానే గానీ, ఒక మనిషికి నిజంగా సరిపోయేవి రెండో మూడో. వాటిని ఊరికే ఖర్చు చేయకూడదు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి. "బానే ఉన్నాను కదా, మందెందుకు" అని మానేయడం. ఎటాక్‌కి వేసే స్టెరాయిడ్ వేరు, రాకుండా కాపలా కాసే మందు వేరు. కాపలావాడు పనిచేస్తున్నాడనడానికి గుర్తు ఏమీ జరక్కపోవడమే. అందుకే మందు మొదలైన ఆరు నెలలకి ఒక ఎమ్మారై, ఆ తర్వాత ఏడాదికోసారి. వీలైతే అదే మిషన్ మీద. రిపోర్టు కాగితం కాదు, సీడీ తీసుకురండి. పాత సీడీలు దిష్టిబొమ్మ పక్కన కాకుల్ని బెదరగొట్టడానికి కట్టకండి. (నవ్వులు.) నిజంగా ఒకళ్లింట్లో చూశాను.

మందు ఎప్పటికీ వాడాల్సిందేనా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వయసు పెరిగే కొద్దీ ఎటాక్‌లు వాటంతటవే తగ్గుతాయి, మందుల వల్ల ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. అమెరికాలో 55 దాటి, అయిదేళ్లుగా ఎటాక్ లేనివాళ్లలో సగం మందికి మందు ఆపి చూశారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం, కొనసాగించినవాళ్లలో నూటికి 5 మందికి దగ్గరగా, ఆపినవాళ్లలో 12 మందికి మళ్లీ కదలిక కనిపించింది, ఎక్కువగా ఎమ్మారైలో. నూటికి 88 మందికి ఏమీ కాలేదనీ చదవొచ్చు, ప్రమాదం రెట్టింపైందనీ చదవొచ్చు. ప్యారీస్ కార్నర్ ఆయనతో ఈ మాట ఇంకో మూడేళ్లలో మాట్లాడతాను. ఆయన ఏమంటాడో నాకిప్పుడే తెలుసు, "వ్యాపారంలో అయితే నేను ఆ రిస్కు తీసుకోను" అంటాడు. తీసుకోను అంటే కొనసాగిద్దాం. అది ఆయన లెక్క, నా లెక్క కాదు.

చీటీలు వచ్చాయి, రెండు చదివి ముగిస్తాను.

"తిప్పతీగ కషాయం తాగుతున్నాను, మీతో చెప్పాలా?" చెప్పాలి. తిట్టను. కానీ ఆపేయండి. రోగనిరోధక శక్తిని పెంచుతుందని కదా తాగుతున్నారు, మన గొడవంతా అది ఎక్కువై తిరగబడటమే. పైగా కోవిడ్ రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే రిపోర్ట్ అయ్యాయి. మేం ఇచ్చే మందుల్లో కొన్ని లివర్ మీద భారం వేసేవే. రెండూ కలిస్తే, లివర్ ఎంజైములు పెరిగినప్పుడు తప్పు దేనిదో తేలక మంచి మందుని ఆపాల్సొస్తుంది.

ఇంకో చీటీ. చేతిరాత వణుకుతూ ఉంది, ఎవరు రాశారో అడగను. "మొక్కు ఉంది. తిరుమల కొండ నడిచి ఎక్కొచ్చా?"

డాక్టర్లు వద్దనే అంటారు, నేను అనను. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి అందులో నాలుగో వంతు దూరం ఉంటుంది, కానీ నిటారు. మే నెలలో వద్దు, మార్గశిరంలో వెళ్లండి. వేకువనే మొదలుపెట్టండి. తడి తువ్వాలు, నీళ్లు, తోడుగా ఒక మనిషి. బాత్రూములు ఎక్కడున్నాయో ముందే కనుక్కోండి, మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్నా సిగ్గుపడి నీళ్లు తాగడం మానకండి. కాళ్లు మాట వినకపోతే అక్కడే కూర్చోండి, గంటయినా సరే. లేవలేకపోతే దిగొచ్చి బస్సెక్కండి, ఆయన ఏమీ అనుకోడు. ఇంకో పని చెయ్యండి. ఎన్నో మెట్టు దగ్గర ఏ కాలు ఈడ్చడం మొదలైందో, ఎంతసేపు కూర్చుంటే తగ్గిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మరుసటి నెల ఓపీకి ఆ కాగితం తీసుకురండి, లడ్డు తర్వాత.